చిల్లగింజ రుద్దిన నీళ్లు

కాలుష్యం చూసే ఆఫీసులో నా తర్వాత నా కుర్చీలోకి ఒకమ్మాయి వచ్చింది. ఈమధ్య ఫోన్ చేసింది. "సార్, గొడవ జరుగుతున్న ఊరికి నీళ్ల నమూనా కోసం పోతే జనం ఎదురు తిరుగుతారంట గదా. అప్పుడేం చెయ్యాలి?" అని అడిగింది.

నాకు ముందు నవ్వొచ్చింది, తర్వాత చిరాకొచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా ఈ కడప జిల్లాలో నీళ్లూ దుమ్మూ పొగా సీసాల్లో పట్టుకుని తిరిగాను. ఒక్క ఊళ్లో కూడా జనం నాకు ఎదురు తిరగలేదు. తిరిగి ఉంటే నా పని సులువయ్యేది. వాళ్లు కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు, ఎండన పడి వచ్చినావే సారూ అని జాలిపడ్డారు. ఆ మర్యాదతో నా పని సగం చెడగొట్టారు. మిగతా సగం నేనే చెడగొట్టుకున్నాను.

ఇదంతా ఫోన్లో చెప్పలేక రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చింది, ఏ ఫైలు ఎక్కడ ఆగింది అన్నవి ఇందులో ఉండవు. వాటి వల్ల నేనేమీ నేర్చుకోలేదు.

సీసా సంగతి

మా నాన్న జమ్మలమడుగులో మిషన్ బడి పంతులు. నన్నూ పంతులునే చేద్దామనుకున్నాడు. నేను కెమిస్ట్రీ చదివి ఈ ఉద్యోగంలో పడ్డాను. ఆఫీసులో శామ్యూల్ అనేవాళ్లు, ఊళ్లలో సామేలు సారు అనేవాళ్లు.

నా పని బయటివాళ్లకు చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఫ్యాక్టరీ నీళ్లు పాడుచేస్తోందని ఊరివాళ్లు అర్జీ పెడతారు. లేదని ఫ్యాక్టరీ అంటుంది. నేను పోయి ఆ నీళ్లు సీసాలో పట్టి, సీలు వేసి, రెండు పక్షాల చేతా సంతకాలు పెట్టించి ల్యాబుకు పంపుతాను. నీళ్లు ఎక్కడ పుడుతున్నాయో అక్కడే పట్టాలి. మోటారైతే కొంచెంసేపు వదిలేయాలి, బావి అయితే చేదతో తోడించాలి. సీసాను అవే నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపాలి. ఇంతే పద్ధతి. అయినా ఇది రాసినవాళ్లెవరూ నేను తర్వాత చెప్పబోయే బండమీదిపల్లెకు వచ్చి ఉండరు.

నా మొదటి పై అధికారి ఒకావిడ, కోస్తా నుంచి వచ్చింది. చేరిన నెలలోనే నన్ను పిలిచి, "నీకు మొహమాటం ఎక్కువయ్యా. మొహమాటం ఉన్నవాడు పెళ్లిళ్లకు బాగుంటాడు, నమూనాలకు పనికిరాడు" అంది. నాకు కోపం వచ్చింది. మా మాట మోటు, మా మర్యాద వీళ్లకు అర్థం కాదు అనుకున్నాను. ఆవిడ చెప్పింది నిజమని ఒప్పుకోవడానికి నాకు ఉద్యోగం మొత్తం పట్టింది.

తర్వాత వచ్చిన అధికారుల్లో ఎక్కువమంది ఒకే రకం. గొడవ జరుగుతున్న ఊరి నుంచి ఫోన్ చేస్తే అందరూ అడిగే మొదటి ప్రశ్న "ఎంతమంది ఉన్నారు?" అనే. నీళ్లు ఎట్లా ఉన్నాయని అడిగినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జనం ఎక్కువుంటే నీళ్లు బాగాలేనట్టు, తక్కువుంటే బాగున్నట్టు. అట్లాగైతే నా సీసా ఎందుకు, నా జీతం ఎందుకు?

ప్రొద్దుటూరులో పొగ

గుంపు సంగతి నాకు మొదట తెలిసింది ప్రొద్దుటూరులో. బంగారు పని చేసేవాళ్ల వీధి ఒకటి. ఆసిడ్ పొగతో ఊపిరాడటం లేదని వీధి మొత్తం సంతకాలు పెట్టి అర్జీ పంపింది. ఇంత ఐకమత్యం నేనెక్కడా చూడలేదని సంబరపడుతూ పోయాను.

మొదటి ఇంటి వెనక చిన్న కొలిమి, దాని గొట్టం పక్కింటి వైపు తిప్పి ఉంది. పక్కింటి వెనకా కొలిమే, దాని గొట్టం అవతలి ఇంటి వైపు. వీధి చివరిదాకా ఇదే వరస. ప్రతి ఇంట్లోనూ ఒకే మాట చెప్పారు. "మాది శానా చిన్నది సార్. ఆ పక్కాయనది సూడండి." పక్కాయన దగ్గరకు పోతే ఆయన ఇంకో పక్కాయనను చూపించాడు. నేను ఆ వీధిలో రెండుసార్లు అటూ ఇటూ తిరిగి తిరిగి మొదటి ఇంటికే వచ్చాను.

చివరికి అందరిలోకీ పెద్ద ఆచారిని కూర్చోబెట్టి, "మీ ఇంట్లోనూ పొగ పెడుతున్నారు గదా, మరి సంతకం ఎందుకు పెట్టినారు?" అని అడిగాను.

ఆయన ఏమాత్రం తడబడలేదు. "అందరూ పెడ్తాండారు. నేనొక్కణ్ణి పెట్టకపోతే పొగ నాదే అనుకుంటారని పెట్టినా సార్."

గొట్టాలు ఎత్తు పెంచండని రాసి వచ్చాను. నెల తిరక్కుండానే అదే వీధి, అవే సంతకాలతో, నా మీద అర్జీ పెట్టింది. అందులో ఆచారి సంతకమూ ఉంది. ఎందుకు పెట్టాడో నేను మళ్లీ పోయి అడగలేదు.

పులివెందుల దారిలో మోకాలు

పులివెందుల వైపు చీనీ తోటలెక్కువ, కోస్తాలో బత్తాయి అంటారు. ఒకచోట కంకర మిషన్ల దుమ్ము ఆకుల మీద పేరుకుని పూత నిలవడం లేదని రైతులు రోడ్డు మీద కూర్చున్నారు. దుమ్ము కొలిచే యంత్రం తీసుకుని నేనూ పోయాను. వాళ్ల బాధ నిజం. ఆకు మీద వేలు పెట్టి గీస్తే పచ్చదనం కనిపించేది, లేకపోతే చెట్టంతా బూడిద రంగే.

ఆ గుంపుకు ఒక పెద్దాయన ముందున్నాడు. ఆయన కూర్చుంటే అందరూ కూర్చున్నారు. కంకర లారీలు రెండువైపులా ఆగిపోయాయి. మిషన్ల యజమాని ఇంకాసేపట్లో వచ్చి మాట్లాడతానని కబురు పంపాడు. ఎప్పుడూ జరగని సంగతి అది. ఇంతలో ఆ పెద్దాయన లేచాడు. వెంటనే అందరూ లేచారు, తువ్వాళ్లు దులుపుకున్నారు, ఇళ్ల దారి పట్టారు. లారీలు కదిలాయి. యజమాని వచ్చేసరికి రోడ్డు మీద నేనూ నా యంత్రమే మిగిలాం.

దారిలో ఒక రైతును ఆపి, "ఎందుకప్పా లేచినారు?" అని అడిగాను.

"పెద్దాయన లేచినాడు గదా సార్" అన్నాడు.

ఆ పెద్దాయన ఇంటికే పోయి అడిగాను. ఆయన మంచం మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. "మోకాలు పట్టేసింది సామీ. రవ్వంత నడిచొద్దామని లేసినా. ఎనక్కి తిరిగి సూస్తే ఒక్కడన్నా ల్యా. మల్లా కూర్చోండని ఎవురికి చెప్పేది?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, సిగ్గు ఉంది. ఆ తోటల్లో కొన్నిటిని తర్వాత కొట్టేశారు.

ఈ రెండు ఊళ్ల కథలూ చెప్పి చాలాకాలం ఆఫీసులో అందరినీ నవ్వించాను. జనానికి బుర్ర ఉండదు, అందరూ చేసిందే చేస్తారు అని తీర్పులు కూడా ఇచ్చాను. ఆ గుంపులో నేను లేనని నా నమ్మకం.

వంక పక్క బావి

జమ్మలమడుగు నుంచి మైలవరం పోయే దారికి కొంచెం లోపలగా బండమీదిపల్లె ఉంది. ఊరి పేరు మార్చి రాస్తున్నాను. ఊరికి ఎగువన నాపబండలు కోసి నున్నగా చేసే ఫ్యాక్టరీ ఉంది. బండ కోసేటప్పుడు మిషను మీద నీళ్లు పోస్తూనే ఉండాలి. ఆ నీళ్లు రాతిపొడితో కలిసి పాలలాగా తెల్లగా వస్తాయి. వాటిని తొట్లలో నిలవబెడితే పొడి అడుక్కి దిగుతుంది. ఈ ఫ్యాక్టరీవాళ్లు తొట్లు కట్టకుండా నీళ్లను నేరుగా వంకలోకి వదిలారు. వంక గట్టునే ఒక ఊటబావి ఉంది. రైతులకు సొంత బోర్లున్నాయి. ఆ బావి నీళ్లు తాగేది ఊరి చివర ఉన్న క్రైస్తవుల వీధి.

తెల్లబురద చేలల్లోకి కూడా ఎక్కి పెచ్చుకట్టడంతో రైతులూ కదిలారు. నారపరెడ్డి అనే పెద్ద రైతు ముందు నడిచాడు. చివరి వీధి నుంచి ఎస్తేరమ్మ ఆడవాళ్లను తీసుకొచ్చింది. ఆమె భర్త పోయి చాలా ఏళ్లయింది, కూలి చేసుకుని బతుకుతుంది, చర్చిలో ఆడవాళ్ల కూటాలన్నీ ఆమే నడిపేది. ఆ ఊళ్లో రైతులూ, చివరి వీధివాళ్లూ రోడ్డు మీద ఒకే శామియానా కింద ధర్నాకు కూర్చోవడం అదే మొదటిసారి అని మా డ్రైవరు బాషా చెప్పాడు. బాషాది పక్క ఊరే, అబద్ధం చెప్పే మనిషి కాదు.

నేను నమూనాకు పోయింది మిట్టమధ్యాహ్నం. చివరి వీధి నిండా కళ్లాపి చల్లి ఉంది. ఊరంతా అక్కడే ఉంది. ఫ్యాక్టరీ మేనేజరు కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. బావి ఎక్కడ అని అడిగాను.

"ఈ ఎండలో బావికాడికి యాడ పోతారు సార్, అంతా కంపచెట్లు" అన్నాడు నారపరెడ్డి. "ఎస్తేరమ్మ ఇంట్లో కుండ నిండా బావి నీళ్లే ఉండాయి. ఆడనే పట్టుకోండి."

నేను ఎస్తేరమ్మ వాకిట్లోకి పోయాను. నారపరెడ్డి గడపకు అవతలే ఆగిపోయాడు. ఆమె స్టీలు లోటాతో నీళ్లు తెచ్చింది. తాగాను. చల్లగా, కమ్మగా ఉన్నాయి. ఆమె గొంతు తగ్గించి, "సామేలు సారంటే మనోళ్లే గదా?" అని అడిగింది. అవునన్నాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

అప్పుడు నేను సీసా మూత తీశాను. నా పద్ధతి నాకు తెలుసు. ఈ నీళ్లు కాదు, బావికి పోదాం పదండి అనాలి. కానీ ఆ మాట అక్కడ అనడం ఎట్లా ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. ఆ ఇంటి కుండలో నీళ్లు ఊళ్లో సగంమంది ముట్టరు. ఆ సగంమంది గడప బయట నిలబడి చూస్తున్నారు. వాళ్ల ముందు, ఆ ఇంటివాళ్ల మనిషినే అయిన నేను, ఈ కుండ వద్దు అంటే ఆమె ఏమైపోవాలి? పైగా ఎండగా ఉంది. రెండో కారణం కూడా రాయకపోతే ఈ రాతకు అర్థం లేదు.

ఆమె తన చేత్తోనే సీసా తొలిచి, నింపి ఇచ్చింది. నీళ్లు అద్దంలాగా ఉన్నాయి. ఊరంతా చూస్తూ నిలబడింది. ఒక్క మనిషి నోరు విప్పలేదు. పైగా అందరి ముఖాల్లోనూ తృప్తి ఉంది, మన ఊరి పరువు నిలబడింది అన్నట్టు. మేనేజరు అందరికంటే ముందు సంతకం పెట్టాడు. కనీసం అప్పుడైనా నాకు తట్టాలి. చీటీ మీద "వంక గట్టు ఊటబావి" అని రాసి సీలు వేశాను.

నీళ్లు తాగడానికి పనికొస్తాయని రిపోర్టు వచ్చింది. వారంలో శామియానా పీకేశారు. రోడ్డు మీద కూర్చున్నవాళ్ల మీద కేసులు పెట్టారు. రైతులు ఎవరి చేలల్లోకి వాళ్లు పోయారు. ఒకే చోట కూర్చున్న ఆ రెండు వీధులూ మళ్లీ పాత పద్ధతిలోకి వెళ్లిపోయాయి. నాకు మాత్రం జనం ఊరికే గొడవ చేస్తారు అని ఇంకో కథ దొరికింది. దాన్ని కూడా ఆఫీసులో చెప్పాను.

శామియానా కింద

ఏడాది తిరిగాక ఆ ఫ్యాక్టరీ ఇంకో షెడ్డు వేసుకోవడానికి అనుమతి అడిగింది. అట్లాంటప్పుడు జనం అభిప్రాయం అడగడానికి సభ పెట్టాలి. పెట్టారు. వేదిక మీద జిల్లా అధికారి ఒకరు, మా పెద్ద సారు, నేను. మా ముగ్గురి ముందూ కొనుక్కొచ్చిన నీళ్ల సీసాలు. కింద ఊరంతా ఉంది, ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు ముందు వరసల్లో ఉన్నారు.

ఫ్యాక్టరీ తరఫున మాట్లాడే మనిషి లేచి నా రిపోర్టు చదివాడు. తేదీ చదివాడు, నా పేరు చదివాడు, నారపరెడ్డి సంతకం ఉందని గట్టిగా చెప్పాడు. నారపరెడ్డి తల వంచుకున్నాడు.

ఎస్తేరమ్మ లేచింది. మైకు అందిస్తే వద్దంది. "ఆ నీళ్లు నేను ఇచ్చినేవే" అంది. "బావి నీళ్లు తెల్లగా ఉంటాయి గదా. ఆఫీసరు వస్తాండాడని ముందురోజే తోడుకొచ్చి, కుండలో చిల్లగింజ రుద్ది, తెల్లారేదాకా తేర్చి, తెల్లగుడ్డతో రెండుతూర్లు వడగట్టి ఇచ్చినా. వచ్చిన మనిషికి ఆ బురదనీళ్లు ఎట్లిస్తాం?"

చిల్లగింజ అంటే తెలియని పిల్లలకు చెబుతున్నాను. అదొక గింజ. మట్టినీళ్లున్న కుండ లోపల దాన్ని అరగదీస్తే మట్టంతా అడుక్కి పోతుంది. మా నాన్నమ్మ కూడా రుద్దేది. ఆ లోటా నీళ్లు కమ్మగా ఎందుకున్నాయో నాకు అప్పటికి అర్థమైంది.

ముందు వరసలో ఒకడు నవ్వాడు. పక్కవాడు నవ్వాడు. తర్వాత శామియానా మొత్తం నవ్వింది. ఫ్యాక్టరీవాళ్లు నవ్వారు, రైతులు నవ్వారు, చివరి వీధివాళ్లు కూడా కొందరు నవ్వారు. నవ్వు ఆగాక కోపం మొదలైంది. నారపరెడ్డి లేచి, "అయితే మా కొంప ముంచింది నువ్వేనా?" అన్నాడు. ఏడాదిగా తల వంచుకుని తిరిగిన మనిషికి తల ఎత్తడానికి ఒక దారి దొరికింది.

"నువ్వే గదా రెడ్డా మా ఇంటికి పంపిచ్చింది? ఆ పొద్దు ఒగరన్నా వద్దన్నారా?" అంది ఎస్తేరమ్మ. ఆ మాట ఎవరికీ వినపడలేదు, అందరూ అరుస్తున్నారు. ఆమె వేదిక వైపు తిరిగి నన్ను చూసింది.

అప్పుడు నేను లేచి నిలబడాలి. నమూనా బావి దగ్గరే పట్టాల్సింది, కుండలోది పట్టడం నా తప్పు, ఆమెకు పద్ధతి తెలియాల్సిన పనిలేదు అని నాలుగు మాటలు చెబితే చాలు. నన్ను ఎవరూ ఆపలేదు. పెద్ద సారు నా వైపు చూడను కూడా లేదు. వేదిక మీద ముగ్గురం కదలకుండా కూర్చున్నాం, వాళ్లిద్దరూ కదల్లేదు కాబట్టి నేనూ కదల్లేదు. నా ముందున్న నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చున్నాను. సభ వివరాల్లో "నమూనా తీసిన తీరుపై ఒక మహిళ సందేహం వ్యక్తం చేశారు" అని రాశారు. ఆ వాక్యం కింద నేను కూడా సంతకం పెట్టాను.

ప్రొద్దుటూరు ఆచారి గుర్తుకొచ్చాడు. ఆయన నాకంటే నయం, అడిగితే నిజం చెప్పాడు.

గుంపు గురించి నాకు తెలిసిందంతా ఆ రోజు తెలిసిందే. అందరూ కలిసి చేసిన పనికి, చెడిపోయాక, ఒక్క మనిషిని వెతుక్కుంటారు. ఆ మనిషి ఎప్పుడూ అందరిలోకీ ఎక్కువ శ్రద్ధగా పనిచేసినవాళ్లే అయి ఉంటారు. ఊరంతా కళ్లాపి చల్లింది. ఎస్తేరమ్మ అందరికంటే బాగా చేసింది, అదే ఆమె నేరం.

తువ్వాలులో చుట్టిన సీసా

కొన్ని నెలలకు ఎస్తేరమ్మ కడపలో మా ఆఫీసుకు వచ్చింది. జమ్మలమడుగు బస్సెక్కి ఒక్కతే వచ్చింది. కొంగు చాటున తువ్వాలులో చుట్టిన సీసా ఉంది. బల్ల మీద పెట్టి, ఎవరన్నా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, తువ్వాలు విప్పింది. సీసాలో నీళ్లు మజ్జిగ తేటలాగా ఉన్నాయి.

"ఇవి తేర్చలేదు సారూ. సిగ్గిడిచి ఉన్నేవి ఉన్నట్టే పట్టకొచ్చినా" అంది.

బయటివాళ్లు తెచ్చిన నీళ్లు మేం తీసుకోకూడదు. అది కూడా పద్ధతే. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు, కానీ చెప్పాను.

ఆమె కోప్పడలేదు. "ఊళ్లో నాతో ఎవురూ సరిగ్గా మాట్లాడ్డం ల్యా సారూ. చర్చిలో పక్కన కూర్చునేవోళ్లు కూడా జరిగి కూర్చుంటాండారు. పిల్లోళ్లు చిల్లగింజమ్మా అని పిలుస్తాండారు. బావి సంగతి దేవుడెరుగు, ఆ కాగితం మార్చండి" అంది. సీసాకు మళ్లీ తువ్వాలు చుడుతూ, "మీరే రాండి. ఈతూరి నేను ఇంట్లోంచి బయటికే రాను" అంది.

ఆమె పోయాక పెద్ద సారు గదిలోకి పోయి, మొదటి నమూనా నేను తప్పుగా తీశాను, మళ్లీ తీస్తాను, అదే మాట కాగితం మీద రాసిస్తాను అన్నాను. ఆయన "ఎవరైనా అడిగారా నిన్ను?" అన్నాడు. లేదన్నాను. "అడగని తప్పు ఎందుకు ఒప్పుకుంటావయ్యా, ఇంకెంతో కాలం లేదు గదా నీకు" అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నా మంచి కోరే అన్నాడు. ఇట్లా మంచి కోరేవాళ్లతోనే ఈ ఉద్యోగంలో జాగ్రత్తగా ఉండాలి.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను. వద్దన్నా రాసిచ్చినందుకు నాకు మెమో వచ్చింది, జవాబు రాశాను, అది ఉద్యోగం చివరిదాకా నా వెంట వచ్చింది. రెండో నమూనాలో నీళ్లు తాగడానికి పనికిరావని తేలి కొత్త షెడ్డు ఆగింది. ఫ్యాక్టరీవాళ్లు తొట్లు కట్టారు. తనిఖీకి వస్తున్నారని తెలిసినప్పుడు వాటిని వాడతారు, మిగతా రోజుల సంగతి ఆ కొత్తమ్మాయి చెప్పకుండా పోయి చూసుకోవాలి. ఊరివాళ్లు నారపరెడ్డికి దండ వేసి ఊరేగించారు. వాళ్లను తిట్టే ఓపిక నాకు లేదు.

రెండోసారి

రెండో నమూనాకు ముందుగా కబురు పంపకుండా పోయాను. అయినా మేం దిగేసరికి జనం చేరారు. నేను ఎవరింటికీ పోకుండా నేరుగా కంపచెట్ల మధ్య నుంచి బావికి నడిచాను. ఊరంతా వెనకాలే వచ్చింది. నారపరెడ్డి వచ్చాడు, మేనేజరుకు ఫోన్ చేసి పిలిపించాం, అతనూ వచ్చాడు. ఎస్తేరమ్మ రాలేదు.

బాషా చేద వేశాడు. మొదటి చేద పారబోసి, మళ్లీ తోడించాను. చేదలో తెల్లనీళ్లు చూసి గుంపులో ఆడవాళ్లు కొందరు ముఖాలు తిప్పుకున్నారు. నీళ్లు అట్లా ఉన్నాయని రోజూ తాగే వాళ్లకు తెలియదా? తెలుసు. బయటి మనిషి చూస్తున్నాడని సిగ్గు. నాకూ సిగ్గేసింది.

సీసా తొలుస్తూ, తల ఎత్తకుండానే మొదలుపెట్టి, తర్వాత తల ఎత్తి చెప్పాను. "పోయినసారి తప్పు ఎస్తేరమ్మది కాదు. నీళ్లు యాడ పట్టాలో తెలిసినోణ్ణి నేనొక్కణ్ణే. బావికి రాకుండా కుండలోది పట్టింది నేను. మీరంతా పక్కనే ఉండి చూసినారు. ఆమెను ఇంక ఎవరూ ఏమీ అనొద్దు."

నారపరెడ్డి బావిలోకి చూస్తూ నిలబడ్డాడు. అందరూ ఆయన ముఖం వైపు చూశారు, ఆయన ఏం చేస్తే అది చేద్దామని. నాకు పులివెందుల మోకాలు గుర్తొచ్చి ఒళ్లు మండింది.

చివరికి ఆయన, "సర్లే సార్, ఎండెక్కుతాంది. పట్టుకోండి" అన్నాడు. అందరూ అవునవును, పట్టుకోండి అన్నారు. నెలల తరబడి ఒక మనిషిని నలిపిన సంగతి అంత తేలిగ్గా ముగిసిపోయింది.

సీసా నింపాను. చీటీ అంటించి, సీలు వేసి, సంతకాలు పెట్టించాను. ఈసారి మేనేజరు అందరికంటే చివర పెట్టాడు. బాషా పెట్టె మూసి జీపులో పెట్టాడు. జీపు ఆగింది ఎస్తేరమ్మ వీధిలోనే కాబట్టి జనం అందరూ అక్కడిదాకా వచ్చారు.

ఆమె అప్పుడు బయటికి వచ్చింది. చేతిలో అదే లోటా. పెట్టె మూసేదాకా తలుపు సందులోంచి చూస్తూ ఉన్నట్టుంది. లోటాలో నీళ్లు అద్దంలాగా ఉన్నాయి. నేను ఆ రోజు వస్తానని ఆమెకు తెలియదు. అంటే, ఎప్పుడో ఒకనాడు వస్తానని రోజూ ఒక కుండ తేర్చి పెట్టుకుంది.

నేను లోటా అందుకుని, అంతమందీ చూస్తుండగా, చివరి చుక్కదాకా తాగాను. ఖాళీ లోటా ఆమె చేతికిచ్చాను.

"ఇవి తాగనీకే సారూ" అంది ఎస్తేరమ్మ. "వీట్ని రాసుకోవాకండి."